ఏడు రాత్రులు... ఒకే టేబుల్

అలాస్కా మంచు చూడ్డానికి ఓడెక్కిన తల్లీకూతుళ్లకు రోజూ సాయంత్రం ఆరింటికి ముక్కూమొహం తెలియని అయిదుగురితో కలిసి భోజనం. మొదటిరోజు గదిలోంచి కదలనన్న అమ్మ, చివరిరోజు టేబుల్ దగ్గర్నుంచి లేవనంది. మధ్యలో ఏం జరిగిందంటే...

"తెలియనివాళ్ల మధ్య కూర్చుని నేనెలా తిననే? నువ్వెళ్లి తినిరా. వచ్చేటప్పుడు నాకింత పెరుగన్నం తెచ్చిపెట్టు, చాలు."

షిప్పు సియాటిల్ రేవు వదిలి గంటయినా కాలేదు. అమ్మ మంచమ్మీద మఠం వేసుక్కూర్చుని తేల్చిచెప్పేసింది. నా చేతిలో ప్లాస్టిక్ కార్డు ఉంది. మా గదికి అదే తాళంచెవి. దానిమీద మా పేర్ల కింద అచ్చువేసి ఉంది... 'మొదటి విడత, సాయంత్రం 6 గంటలు, టేబుల్ నంబరు 46'.

ఈ ప్రయాణం మా అన్నయ్య కానుక. సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో ఉంటాడు. నాన్న పోయిన అయిదేళ్లకు అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. తోడుగా నేనొచ్చాను. మే నెలాఖరులో అలాస్కా ఓడల టికెట్లు కాస్త చవక. అక్కడి బళ్లకు సెలవులివ్వాలంటే జూన్ సగం దాటాలి. అందుకని అన్నయ్యావాళ్లు మా ఇద్దరినీ ఎక్కించి చెయ్యూపి వెళ్లిపోయారు. టికెట్లు కొనేటప్పుడు ఫారంలో 'ఇతరులతో కలిసి కూర్చోవడానికి ఇష్టమే' అన్న గడి కనబడితే, అమ్మకు కాలక్షేపంగా ఉంటుందని టిక్కు పెట్టేశాడట!

మొదటి బంతి, రెండో బంతి

మా ఓడలో ప్రయాణికులు రెండున్నర వేలమంది. భోజనశాల పెద్దదే. అయినా అందరూ ఒకేసారి కూర్చోవడానికి చాలదు. అందుకే ఆరింటికి ఒక విడత, ఎనిమిదిన్నరకు ఇంకో విడత. ఎక్కినరోజు ఏ టేబుల్ ఇచ్చారో దిగేదాకా అదే టేబుల్. అవే మొహాలు, అదే వెయిటరు. ఇష్టమైన వేళకు వెళ్లి ఇష్టమైన చోట కూర్చునే పద్ధతీ ఉంది. మాకు రాసిపెట్టి ఉన్నది మాత్రం ఇది.

ఇదంతా వివరిస్తే అమ్మ ఓ క్షణం ఆలోచించి, "అంటే మొదటి బంతి, రెండో బంతి అన్నమాట" అంది. పెళ్లిభోజనం లెక్కలోకి వచ్చేసరికి కాస్త మెత్తబడింది. బంతిలో పక్కన ఎవరు కూర్చుంటారో మనకేమన్నా తెలుస్తుందా? "సరే, ఈ ఒక్కరోజుకీ వస్తాలే. పొద్దుండగానే రాత్రి భోజనమేంటో!" అని గొణుక్కుంటూ చీర మార్చుకుంది.

కిటికీ పక్కన గుండ్రటి టేబుల్, చుట్టూ ఎనిమిది కుర్చీలు. మాకంటే ముందే అయిదుగురు కూర్చుని ఉన్నారు. అయొవా రాష్ట్రం నుంచి వచ్చిన రైతు దంపతులు... పెళ్లయి యాభై ఏళ్లయిన సందర్భంగా వచ్చారు. కాలిఫోర్నియాలో నర్సులుగా పనిచేస్తున్న ఫిలిప్పీన్స్ అక్కాచెల్లెళ్లు. అరిజోనా నుంచి ఒంటరిగా వచ్చిన ఓ పెద్దాయన. సిటీబస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన పక్కన ఓ ఖాళీ కుర్చీ. దానిముందు కూడా ప్లేటు, ఫోర్కులు, గ్లాసు సర్ది ఉన్నాయి. "వాళ్లు రావాల్సి ఉందా?" అని వెయిటరు అడిగితే, "లేదు బాబూ. టికెట్లు ఇద్దరికీ కొన్నాం. మా ఆవిడ ఫిబ్రవరిలో పోయింది" అన్నారాయన.

బాలి ద్వీపం నుంచి వచ్చిన ఆ వెయిటరు మారుమాట్లాడలేదు. నిమిషంలో ఆ ప్లేటూ, కుర్చీ తీసేసి, మిగిలిన కుర్చీలను కొద్దికొద్దిగా జరిపాడు. ఖాళీ ఎక్కడుందో కూడా తెలియలేదు. అమ్మకు నేనేం చెప్పక్కర్లేకపోయింది. "మంచిపని చేశాడు పిల్లాడు" అంది నెమ్మదిగా.

అన్నం కలిపిన చుట్టరికం

ఆ మొదటి సాయంత్రం అంత సాఫీగా ఏమీ సాగలేదు. రొట్టెల బుట్ట వచ్చింది. సూపు వచ్చింది. ఏ ఫోర్కు దేనికో తెలియక అమ్మ చేతులు ఒళ్లో పెట్టుక్కూర్చుంది. రైతుగారు భార్య ప్లేటులోంచి ముక్క తీసుకుని రుచిచూస్తే, అమ్మ 'ఎంగిలి!' అన్నట్టు నావైపు చూసింది. అంతలో నర్సుల్లో పెద్దామె వెయిటర్ని పిలిచి మొహమాటంగా, "కాస్త అన్నం దొరుకుతుందా? అన్నం లేకపోతే మాకు తిన్నట్టే ఉండదు" అంది. 'రైస్' అన్న మాట అమ్మకు తెలుసు. "నాక్కూడా" అన్నట్టు చెయ్యెత్తేసింది.

సహాయ వెయిటరు గోవా కుర్రాడు. అమ్మకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలు అతనితో సరిగ్గా అతికాయి. మరుసటిరోజు నుంచి మా టేబుల్‌కు అన్నం గిన్నె, పప్పు, 'దహీ' అడక్కుండానే వచ్చేవి. రెడ్‌మండ్‌లో కొన్న ఆవకాయ ప్యాకెట్టు అమ్మ రెండోరోజే టేబుల్ మీదికి తెచ్చింది. నర్సులిద్దరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. రైతుగారు చెంచా కొసన అంటించుకుని మూడు గ్లాసుల నీళ్లు తాగారు.

రైతుతో మాట కలపడం అమ్మకు కష్టం కాలేదు. మాది తెనాలి దగ్గర. "వరి కోశాక అదే చేలో మినుములు చల్లుతాం" అని అమ్మ చెప్పగా నేను ఇంగ్లిషులోకి మార్చేసరికి ఆయన కళ్లు పెద్దవయ్యాయి. అయొవాలో చలికాలం భూమి గడ్డకట్టుకుపోతుంది. ఏడాదికి ఒక్కటే పంట. ఈ ఏడు మొక్కజొన్న వేస్తే వచ్చే ఏడు సోయా. "రెండు పంటలు పండే భూమిని వదిలేసి మీ పిల్లలు అమెరికా ఎందుకొచ్చారమ్మా?" అని ఆయన నవ్వుతూనే అడిగారు. అమ్మ కూడా నవ్వింది. జవాబు మాత్రం చెప్పలేదు.

కుర్చీలు కదలని రోజులు

ఓడలో అపరిచితులతో కలిసి తినడం ఇవాళ్టి సరదా కాదు. వెనకటి రోజుల్లో సముద్రాలు దాటే ప్రయాణికులకు వేరే దారే లేదు. భోజనశాలలో పొడవాటి బల్లలు, వాటికి అటూఇటూ నేలకు బిగించిన తిరుగుడు కుర్చీలు ఉండేవి. అలలకు కంచాలు జారకుండా బల్లలకు అంచులు బిగించేవారు. నచ్చినా నచ్చకపోయినా రేవు చేరేదాకా అదే చోటు. 1905లో జర్మనీ వారి 'అమెరికా' అనే ఓడలో రిట్జ్ పేరుతో విడిగా ఓ రెస్టరెంట్ పెట్టారు. అక్కడ చిన్న టేబుళ్ల దగ్గర, కోరిన వేళకు, కోరినవి తెప్పించుకుని తినొచ్చు. దానికి డబ్బు వేరే. అంటే, విడిగా కూర్చోవడమే అప్పట్లో విలాసం!

2000లో నార్వీజియన్ క్రూజ్ లైన్ కంపెనీ నిర్ణీత వేళలు, నిర్ణీత టేబుళ్లనే తీసేసింది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ ప్రయాణికులకు ఆ వెసులుబాటు ఇవ్వడం మొదలుపెట్టాయి. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను ఆపేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు. ఏడువందల మందికి పైగా కరోనా సోకింది. ప్రయాణికులకు భోజనం గది గుమ్మం దగ్గరికే వచ్చేది. పక్కవాళ్లతో కలిసి కూర్చోవడమంటేనే జనం భయపడిన రోజులవి. అవన్నీ దాటుకుని మళ్లీ కొన్ని ఓడల్లో ఈ పెద్ద టేబుళ్లు నిలిచాయి. మాకు దొరికింది అలాంటి ఓడే.

ఒకరోజు మానేస్తే...

మూడోరోజు కెచికాన్‌లో ఆగాం. ఏడాదికి సుమారు 150 అంగుళాల వాన పడే ఊరు. మన గుంటూరు జిల్లాలో కురిసేదానికి నాలుగింతలు! అక్కడి ఆదివాసులు దేవదారు దుంగల మీద పక్షులు, జంతువులు చెక్కి నిలబెట్టిన టోటెమ్ స్తంభాలు చూస్తూ వానలోనే తిరిగాం. సాయంత్రానికి అమ్మకు కాళ్లు లాగేశాయి. గదిలోనే పెరుగన్నం తిని పడుకుంది. నేనూ వెళ్లలేదు.

నాలుగోరోజు సాయంత్రం మేం కనబడగానే టేబుల్ అంతా ఒకటే ప్రశ్న, "నిన్న రాలేదేం?" అని. నర్సు చెల్లెలు అమ్మ మణికట్టు పట్టుకుని నాడి చూసింది. డ్రైవరుగారు మా కోసం అరగంట చూశారట. గోవా కుర్రాడు మా వాటా దహీ పక్కన పెట్టి ఉంచాడట. అమ్మ కూర్చుంటూ, "ఒక్కపూట రాకపోతే ఇంతమంది అడుగుతున్నారే!" అంది. ఆ మాటలో ఉన్న ఆశ్చర్యం నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

ఆరోజు మేం చూసొచ్చింది జునో. అలాస్కా రాజధాని. ఒక రాష్ట్ర రాజధానే అయినా బయటి ఊళ్ల నుంచి అక్కడికి రోడ్డు లేదు. ఓవైపు సముద్రం, మరోవైపు కొండలు, మంచు. ఓడలోనో విమానంలోనో రావాల్సిందే. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో మెండెన్‌హాల్ హిమానీనదం. భోజనం దగ్గర మాట ఆ రోడ్డులేని ఊరి మీదికి, అక్కణ్నుంచి దూరాల మీదికి మళ్లింది. అయొవా దంపతుల పిల్లలిద్దరూ ఊరు వదిలేశారు. ఒకరు షికాగో, ఒకరు డెన్వర్. డ్రైవరుగారి అబ్బాయి ఆదివారాలు ఫోన్ చేస్తాడు. అప్పుడు రైతుగారి భార్య నావైపు తిరిగి మామూలుగా అడిగింది... "ఇంటిదగ్గర మీ అమ్మగారు ఎవరితో కలిసి భోంచేస్తారు?"

నేను అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ కాసేపు ఆగి, చాలాసేపు మాట్లాడింది.

"ఎవరితో తింటాను? మీ నాన్న పోయాక రెండు మూడు నెలలు చెయ్యి అలవాటుకొద్దీ ఇద్దరికీ బియ్యం పోసేసేదాన్ని. మిగిలింది వీధి కుక్కకు పెట్టేదాన్ని. ఇప్పుడు ఒక్కదానికి రెండుపూటలా గిన్నె ఎక్కించడం ఎందుకని పొద్దున వండిందే రాత్రికీ ఉంచుకుంటా. కంచం పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఆయన కంచం లేదని తెలుస్తుంది. అందుకని వంటింటి గట్టు దగ్గర నిలబడే నాలుగు ముద్దలు తినేసి కంచం కడిగేస్తా. హాల్లో టీవీ పెద్దగా పెడతా, వంటింట్లోకి వినపడేట్టు. మనుషుల గొంతులు వినిపిస్తాయి కదా."

ఇవేవీ నాకు తెలియవు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఆఫీసు నుంచి ఫోన్ చేస్తాను. "తిన్నావా?" అంటాను. "తిన్నానే. నువ్వు?" అంటుంది. అర నిమిషంలో అయిపోతుంది. అయిదేళ్లలో ఒక్కరోజు కూడా మానలేదని గర్వం కూడా ఉండేది. అయొవా ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

అందరూ నావైపే చూస్తున్నారు. "అమ్మ పెందలాడే తినేసి టీవీ చూస్తుంది" అని ఇంగ్లిషులో చెప్పేశాను.

అమ్మ ఊరుకోలేదు. "నేనింత చెబితే నువ్వంతేనా చెప్పింది? బియ్యం సంగతి చెప్పావా? నిలబడి తినడం చెప్పావా?" అంది. మొత్తం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు తాగాను.

ఎవరూ అయ్యో అనలేదు. డ్రైవరుగారు ఫోర్కు కింద పెట్టి, "నేనూ అంతే. సూపు డబ్బా వేడిచేసుకుని వంటింటి సింకు ముందు నిలబడే తాగేస్తాను" అన్నారు. నేను తెలుగులోకి మార్చేలోపే, ఆయన చేత్తో చూపించిన తీరుకే అమ్మకు అర్థమైపోయింది. "చూశావా, ఈయనా నిలబడే!" అంది. ఆ రాత్రి వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని నిదానంగా, ఆఖరి మెతుకుదాకా తిన్నారు.

టన్ను సామాను, తెల్లటి ఉరుము

అయిదోరోజు స్కాగ్వే. 1896లో కెనడాలోని క్లాండైక్ ప్రాంతంలో బంగారం దొరికిందని తెలిసి వేలమంది ఈ చిన్న ఊళ్ల మీదుగా కొండలెక్కారు. ఏడాదికి సరిపడా తిండీ సరంజామా, అంటే దాదాపు టన్ను బరువు, వెంట ఉంటేగానీ కనుమ దగ్గర కెనడా పోలీసులు లోపలికి పోనిచ్చేవారు కాదు. దాన్ని విడతలు విడతలుగా వీపున మోసుకెళ్లారు. ఆ తర్వాత 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన చిన్నగేజి రైల్లో మేం ఆ కొండ హాయిగా కూర్చుని ఎక్కాం. భోజనం దగ్గర డ్రైవరుగారు ఈ కథంతా చెబితే అమ్మ, "ఏడాదికి సరిపడానా? మేం ఏటా పెట్టే ఆవకాయా అంతేగా" అంది. టేబుల్ అంతా ఘొల్లుమంది. అప్పటికి నేను అనువదించడానికి తడుముకోవడం మానేశాను.

ఆరోజు రాత్రి అందరూ మంచి బట్టలు వేసుకోవాలన్నారు. అమ్మ కంచిపట్టు కట్టింది. రైతుగారి భార్య జరీ అంచును రెండు వేళ్లతో ముట్టుకుని, "పెళ్లిదా?" అని అడిగింది. "కాదు, మా అబ్బాయి పెళ్లిది. ఆయన కొన్నది" అని అమ్మ నాతో చెప్పించింది.

ఆరోరోజు గ్లేసియర్ బే. 1794లో జార్జి వాంకూవర్ బృందం వచ్చినప్పుడు ఇక్కడ సముద్రపు పాయే లేదు. నిలువెత్తు మంచు అడ్డంగా ఉండేది. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు నలభై మైళ్లకు పైగా వెనక్కి జరిగింది. ఇప్పుడు దాదాపు వంద కిలోమీటర్లు లోపలికి వెళితేగానీ ఆ గోడ కనిపించదు. ఓడ ఇంజిన్ నెమ్మదించి నిలబడింది. మంచు పెళ్లలు విరిగి నీళ్లలో పడుతుంటే ఉరిమినట్టు మోత. ఇక్కడి ట్లింగిట్ జాతివారు దాన్ని 'తెల్లటి ఉరుము' అంటారట. డెక్ మీద వందలమంది ఉన్నారు. మా టేబుల్ వాళ్లు ఏడుగురం మాత్రం ఎవరూ పిలవకుండానే ఒకచోట చేరి నిలబడ్డాం.

అన్ని టేబుళ్లూ ఇలాగే ఉంటాయని చెప్పను. మా పక్క టేబుల్లో ఓ జంట రెండోరోజే వేరేచోటికి మారిపోయింది. ఇంకో టేబుల్లో నలుగురూ ఫోన్లు చూసుకుంటూ తిన్నారు. మా రైతుగారు పందుల పెంపకం గురించి మొదలుపెడితే అరగంట! అందుకు అమ్మ జవాబు ఒకటే, "బంతిలో అందరూ మనవాళ్లే ఉంటారా? సర్దుకోవాలి."

ఆఖరి రాత్రి దీపాలు తగ్గించి, వెయిటర్లు 'బేక్డ్ అలాస్కా' పట్టుకుని వరుసగా వచ్చారు. కేకు మీద ఐస్‌క్రీమ్ పెట్టి, పైన గుడ్డు తెల్లసొన నురగ కప్పి కాల్చిన మిఠాయి. జనమంతా చేతిరుమాళ్లు గిరగిరా తిప్పారు. గుడ్డుందని అమ్మ తినలేదు. రుమాలు మాత్రం అందరికంటే పైకెత్తి తిప్పింది. కిటికీలోంచి కెనడాలోని విక్టోరియా రేవు దీపాలు కనబడుతున్నాయి. ఊరు చూడ్డానికి వెళదామంటే, "కాసేపాగు. వీళ్లు మళ్లీ కనబడతారా?" అని లేవలేదు.

వెళ్లాలనుకుంటే

* అలాస్కా ఓడలు ఏప్రిల్, మే నెలల నుంచి అక్టోబరుదాకా తిరుగుతాయి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికాలో బయల్దేరి అమెరికాలోనే దించాలంటే మధ్యలో పరాయిదేశపు రేవు ఒకటి తాకాలని 1886 నాటి చట్టం చెబుతోంది. విక్టోరియాలో ఆగేది అందుకే. కాబట్టి మన పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు కెనడా వీసా కూడా ముందే తీసుకోవాలి. అమెరికా వీసా పలుమార్లు ప్రవేశానికి పనికొచ్చేదై ఉండాలి.

* కలిసి కూర్చోవడం ఇష్టమైతే టికెట్ కొనేటప్పుడే చెప్పండి. చాలా ఓడల్లో ఇప్పుడు అడిగితేనే ఇస్తారు. పొసగకపోతే మొదటిరోజే భోజనశాల మేనేజర్‌ను కలిస్తే టేబుల్ మారుస్తారు. ఎవరూ తప్పుపట్టరు.

* శాకాహారులు టికెట్ దగ్గర ఓసారి, వెయిటరుకు ఓసారి చెప్పుకోవాలి. 'వెజిటేరియన్' అంటే గుడ్డు పెట్టేస్తారు. గుడ్డు, చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. సూపు దేంతో కాచారో అడగాలి.

* పచ్చళ్లు సీలు తీయని ప్యాకెట్లలోనే తీసుకెళ్లండి. మే నెలలోనూ స్వెట్టరు, వానకోటు తప్పవు.

మేం తిరిగొచ్చి కొన్ని నెలలైంది. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ ఇప్పటికీ చేస్తాను. "తిన్నావా?" అని అడగడం మానేశాను. "ఎవరితో తిన్నావ్?" అంటున్నాను. వారంలో మూడు రోజులు "ఎదురింటి టీచరమ్మతో" అంటుంది. ఆవిడా ఒక్కతే. పిల్లలు బెంగళూరులో ఉంటారు. ఇరవై ఏళ్లుగా ఎదురెదురు ఇళ్లే. ఇప్పుడు ఒకరింట్లో అన్నం, ఒకరింట్లో కూర. అడిగింది అమ్మే.

మిగతా రోజుల్లో "టీవీతోనే" అంటుంది. ఆరోజు ఫోన్ పెట్టేయను. స్పీకరు ఆన్‌చేసి నా క్యారియరు కూడా తెరుస్తాను.

"కూర్చునే తింటున్నావా అమ్మా?"

"కూర్చున్నానే. నువ్వేం కూర తెచ్చుకున్నావ్?"